వదిలే చేప, ఉంచుకునే చేప

డాలస్ నుంచి ఆగ్నేయ దిశగా గంటన్నర ప్రయాణం చేస్తే హెండర్సన్ కౌంటీ వస్తుంది. అక్కడ మా పొరుగింటి పెద్దాయన కుటుంబానికి 18 ఎకరాల సొంత చెరువు ఉంది. చిన్న వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి నిలిపిన నీరది. కట్టకు ఒక కొసన అలుగు, పడమటి వైపు నీళ్లలో మొదళ్లు మునిగి నిలబడిన సైప్రస్ చెట్లు, వాగు కలిసే మూలన అర ఎకరం మేర తామరాకులు ఉంటాయి. ఈ టెక్సాస్ రాష్ట్రంలో క్యాడో సరస్సును పక్కన పెడితే పేరున్న సరస్సులు దాదాపు అన్నీ ఇలా మనుషులు కట్టలు వేసి నిలిపినవే కాబట్టి, ఇంత చిన్న చెరువైనా దాని పుట్టుకలో వింత ఏమీ లేదు. అందులో ఉన్న చేపల బాగోగులు మాత్రం ప్రభుత్వానివి కావు, పూర్తిగా యజమానివి. పెద్దాయనకు మోకాళ్లు సహకరించడం మానేశాక పడవ తాళం నా చేతికి వచ్చింది, దానితో పాటు ఆ బాధ్యతలో కొంత భాగం కూడా వచ్చింది.

ప్రభుత్వ జలాల్లో గాలం వేయాలంటే టెక్సాస్‌లో లైసెన్సు తీసుకోవాలి. అక్కడ సాధారణంగా 14 అంగుళాలకు తగ్గిన బాస్ అనే వేటాడే చేపను ఉంచుకోకూడదు, మనిషికి రోజుకు 5 చేపలకు మించి పట్టుకెళ్లకూడదు. కొన్ని సరస్సులకు ఇంకా కఠినమైన ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. ఆ అంకెలను నిర్ణయించడానికి రాష్ట్ర వన్యప్రాణి శాఖలో జీవశాస్త్రవేత్తలు ఉన్నారు, నీళ్లలోకి కరెంటు పంపి చేపలను తాత్కాలికంగా స్పృహ తప్పించి లెక్కించే పడవలు ఉన్నాయి. సొంత చెరువుకు ఆ యంత్రాంగం ఏదీ ఉండదు. అక్కడ గాలం వేసే మనిషే లెక్కలు రాయాలి, ఏ చేప ఉండాలో ఏది పోవాలో అతనే తేల్చాలి. ఈ పని మీద నాకు ఇంత పట్టు కుదరడానికి కారణం నేను పుట్టి పెరిగిన ఊరు.

మాది కైకలూరు ప్రాంతం. మా తాతగారి కాలం నుంచి మాకు చేపల చెరువులు ఉన్నాయి. బొచ్చె, శీలావతి వేసి, తవుడు నింపిన చిల్లుల సంచులను నీళ్లలో పాతిన కర్రలకు వరుసగా కట్టి, చేపలు వచ్చి ఆ సంచులను పొడుచుకు తింటుంటే గట్టు మీద నిలబడి చూడటం నా చిన్నతనం. అక్కడ చెరువంటే ఎకరాకు ఎన్ని పిల్లలు వేశాం, ఎంత మేత పడింది, తూకం ఎంత వచ్చింది అన్న లెక్క. పిల్లను వదలబోయే ముందు చెరువు ఎండగట్టి, బురదలో దాక్కున్న కొర్రమీనును ఏరి పారేయడం మొదటి పని. వేటాడే చేప ఒకటి మిగిలినా పిల్ల దక్కదని రైతులందరికీ తెలుసు. అమెరికాకు వచ్చాక చూసిన చెరువులో ఈ లెక్క పూర్తిగా తలకిందులైంది. ఇక్కడ వేటాడే చేపే పంట. అది తినడానికి చిన్న చేపలను పెంచుతారు. ఆ రెండింటి నిష్పత్తి చెడితే మాత్రం మా ఊరి చెరువులాగే ఇదీ నష్టపోతుంది, నష్టం కనిపించే తీరు మాత్రమే వేరు.

ముందుగా పడవ గురించి చెప్పాలి, ఎందుకంటే చిన్న చెరువులో వేట సగం పడవ మీదే ఆధారపడి ఉంటుంది. మాది 12 అడుగుల అల్యూమినియం జాన్ బోటు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కనుక జానెడు లోతు నీళ్లలో కూడా తేలుతుంది, తామరాకుల మీదుగా జారుకుంటూ పోతుంది. పెట్రోలు ఇంజను లేదు. వెనక చెక్కకు బిగించిన చిన్న ట్రోలింగ్ మోటారు, దానికి ఒక 12 వోల్టుల డీప్ సైకిల్ బ్యాటరీ, అది ఆగిపోతే అక్కరకు రావడానికి రెండు తెడ్లు ఉంటాయి. బ్యాటరీ బరువు 50 పౌండ్ల పైమాటే. దాన్ని వెనక పెట్టి మనిషి కూడా వెనకే కూర్చుంటే ముక్కు పైకి లేచి, గాలి ఎటు తోస్తే పడవ అటు తిరుగుతుంది. అందుకని తీగలను పొడవు చేసి బ్యాటరీని ముందు బల్ల కిందికి చేర్చాను. ఆ ఒక్క మార్పుతో పడవ నీటి మీద సమంగా కూర్చుంది, చిన్న గాలికి దారి తప్పడం మానేసింది.

అల్యూమినియం పడవతో వచ్చే అసలు చిక్కు చప్పుడు. తెడ్డు అంచుకు తగిలినా, సీసపు గుండు అడుగున పడినా, ఆ శబ్దం నీళ్లలో చాలా దూరం వెళుతుంది. చేప శరీరానికి రెండు పక్కలా మొప్పల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీటిలో పుట్టే అతి చిన్న కదలికను కూడా అది ఆ గీతతో పసిగడుతుంది. పడవ అడుగున పాత తివాచీ ముక్కలు పరిచి, తెడ్లు ఆనించే చోట రబ్బరు అంటించిన తరువాత, ఒడ్డుకు దగ్గరగా వెళ్లినా చేపలు చెదరడం బాగా తగ్గింది. గాలి ఉన్న రోజున ఎప్పుడూ గాలికి ఎదురుగానే మోటారు నడపాలి. గాలివాలుగా వెళితే పడవ మన కంటే ముందే చేపల మీదికి పోతుంది, ఎదురుగా వెళితే మోటారు వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ పడవను ఉన్నచోటే నిలబెట్టుకోవచ్చు. ఒడ్డుకు అడ్డంగా కాకుండా ఒడ్డు వెంబడి సమాంతరంగా గాలం విసిరితే, ఎర చేప ఉండే లోతులోనే ఎక్కువసేపు నడుస్తుంది. ఒడ్డు మీద నిలబడిన మనిషికి చిక్కని ఈ సౌకర్యం కోసమే పడవ ఎక్కాలి. లైఫ్ జాకెట్ లేనిదే మా పడవలో ఎవరినీ ఎక్కించను. 13 ఏళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వ జలాల్లో చట్టమే దాన్ని తప్పనిసరి చేసింది, సొంత చెరువులో నీటి లోతు అంతకంటే దయగా ఏమీ ఉండదు.

ఇక చేప సంగతి. లార్జ్‌మౌత్ బాస్ ఆకుపచ్చ వీపు, తెల్లటి పొట్ట, ఆ రెండింటి మధ్య తల నుంచి తోక దాకా తెగీ తెగని నల్లటి చార ఉన్న చేప. నోరు మూసినప్పుడు పైదవడ కొస కంటిని దాటి వెనక్కి వెళుతుంది. ఆ నోరు ఎంత పెద్దదో, అది తెరుచుకునే వేగం అంతకు మించి ఉంటుంది. బాస్ ఎరను కొరికి పట్టదు. దగ్గరికి వచ్చి ఒక్కసారిగా నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. అందువల్ల తీరిగ్గా బెండు మునిగేదాకా చూసే వేటకూ దీనికీ చాలా తేడా ఉంది. ఇది దూరం తరిమి వేటాడే చేప కాదు. మునిగిన దుంగ, సైప్రస్ వేరు, తామరాకు నీడ, పడవలు కట్టే చెక్కల రేవు కింద చీకటి, ఇలాంటి చోట్ల కదలకుండా నిలబడి, దారిన పోయే దాన్ని అందుకుంటుంది. చెరువులో నీరు అంతటా ఒకేలా కనిపించినా చేపలు ఉండే చోట్లు కొన్నే. వాటిని గుర్తుపట్టడమే ఈ విద్యలో ఎక్కువ భాగం.

ఆ చోట్లన్నీ చిక్కుగా ఉంటాయి కాబట్టి, ముల్లు బయటికి కనిపించే గాలం పనికిరాదు, విసిరిన ప్రతిసారీ కొమ్మకు తగులుకుంటుంది. దీనికి ఈ రాష్ట్రం పేరే పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది, టెక్సాస్ రిగ్. దారానికి ముందుగా తుపాకీ గుండు ఆకారంలో ఉండే చిన్న బరువును ఎక్కించి, తరువాత మెడ వంచిన కొక్కెం కట్టి, మెత్తటి ప్లాస్టిక్ వానపామును ఆ కొక్కేనికి గుచ్చి, ముల్లు కొసను తిరిగి ఆ వానపాము ఒంట్లోనే దాచేస్తారు. చేప నోట్లో పడి మనం గట్టిగా లాగినప్పుడే ముల్లు బయటికి వస్తుంది, అప్పటిదాకా ఏ కొమ్మకూ పట్టుకోదు. ఈ ప్లాస్టిక్ వానపామును 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా కలిసి తయారుచేశారు. తరువాత ఆ సంస్థ ఇక్కడికి దగ్గరలోనే ఉన్న టైలర్ పట్టణానికి తరలివచ్చింది. ఇన్ని దశాబ్దాల్లో ఎన్ని రకాల ఎరలు వచ్చినా, చెట్లు మునిగిన చెరువులో నేను మొదట కట్టేది ఇదే.

తామరాకుల మూలన దీన్ని ఎలా వాడతామో వివరంగా చెబుతాను. పడవను ఆకుల అంచుకు ఇరవై గజాల దూరంలో నిలిపి, మోటారు ఆపి, రెండు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆకుల మధ్య పళ్లెమంత ఖాళీ కనిపిస్తే, ఎరను దానికి అవతల ఆకు మీద పడేలా విసిరి, మెల్లగా లాగి ఆ ఖాళీలోకి జార్చాలి. పైనుంచి నేరుగా పడిన ఎర కంటే ఆకు మీద నుంచి జారిన ఎరను చేప ఎక్కువగా నమ్ముతుంది. ఎర కిందికి దిగేటప్పుడు దారాన్ని బిగించకూడదు, పూర్తిగా వదిలేయకూడదు కూడా. కళ్లు దారం నీటిని తాకే చోటే ఉండాలి. చాలాసార్లు చేప అందుకున్నది చేతికి తెలియదు, దారం చిన్నగా ఒక అదురు అదిరి పక్కకు జరగడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలో కర్రను కిందికి దించి, సడలిన దారం చుట్టి, ఒక్క ఊపున పైకి లేపాలి. తామరకాడల్లో చేప రెండు చుట్లు తిరిగిందంటే ఇక దాన్ని బయటికి తేవడం కష్టం కాబట్టి, ఇక్కడ 15 పౌండ్ల దారం కంటే తక్కువది వాడను. తగిలిన తరువాత బాస్ నీళ్ల పైకి ఎగిరి తల విదిలిస్తుంది. మొప్పలు విచ్చుకుని ఎర్రగా కనిపించే ఆ క్షణం కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేవడం నాకు ఎన్నడూ భారం కాలేదు.

చేపను పైకి తీశాక కింది పెదవిని బొటనవేలితో పట్టుకోవాలి. పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి తప్ప వేలిని కోయవు. పెద్ద చేపను ఒక్క దవడ మీద నిలువుగా వేలాడదీయకూడదు, దాని బరువుకు దవడ కీలు దెబ్బతింటుంది. రెండో చేతిని పొట్ట కింద ఆనించి అడ్డంగా ఎత్తాలి, చేతులు ముందే తడుపుకోవాలి. ఒంటి మీది జిగురు పొరే దానికి రక్షణ కాబట్టి, పొడి గుడ్డతో పట్టుకున్న చేప తిరిగి నీళ్లలోకి వెళ్లినా ఆ తరువాత జబ్బు పడవచ్చు.

ఇక్కడ మార్చి, ఏప్రిల్ నెలలు గుడ్లు పెట్టే కాలం. నీరు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి వెచ్చబడుతుండగా, రెండు నుంచి నాలుగు అడుగుల లోతులో గట్టి నేల ఉన్న చోట మగచేప తోకతో ఊడ్చి గుండ్రటి గూడు చేస్తుంది. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. గుడ్లను, ఆ తరువాత పిల్లలను కాపలా కాసేది తండ్రే. మన కొర్రమీను పిల్లల గుంపు వెంట తిరుగుతూ కాపాడటం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఈ సమయంలో నీరు తేటగా ఉంటే గూడు మీద నిలబడిన చేప పడవలోంచే కనిపిస్తుంది, ఎర ఏది వేసినా ఆకలితో కాకుండా కోపంతో అందుకుంటుంది. అలా పట్టిన చేపను పడవలో ఉంచిన కాసేపట్లోనే బ్లూగిల్ అనే చిన్న చేపలు గుంపుగా గూటి మీద పడి గుడ్లు తినేస్తాయి. నేను ఆ నెలల్లో గూళ్ల వైపు పడవ తిప్పను. అది చట్టం కాదు, నా నియమం. సుమారు పది అడుగుల నీళ్లలో, గుడ్లు పెట్టడం ముగించుకుని వెనక్కి మళ్లే చేపల కోసం ఎదురుచూస్తాను.

ఎండాకాలం మరో రకం. జూలై, ఆగస్టుల్లో పై నీరు 85 డిగ్రీలు దాటుతుంది, చెరువు రెండు పొరలుగా విడిపోతుంది. పై పొర వేడిగా, ప్రాణవాయువుతో ఉంటుంది. కింది పొర చల్లగా ఉన్నా అందులో ప్రాణవాయువు దాదాపు ఉండదు. చేపలు చల్లదనం కోసం అడుగుకు పోతాయనుకుని లోతైన చోట గాలం వేసేవారికి రోజంతా ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే. రెండు పొరలు కలిసే లోతుకు కాస్త పైనే వేయాలి. వరసగా మబ్బు పట్టి, నాచు సరిగా పెరగక చచ్చిపోయిన రోజుల్లో ప్రాణవాయువు మరింత పడిపోతుంది. కైకలూరు, భీమవరం రైతులకు ఈ కష్టం బాగా తెలుసు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి గాలి పీలుస్తుంటే, పరుగున వెళ్లి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పడం అక్కడ మామూలు. ఈ చెరువులోనూ ఒక ఆగస్టు ఉదయం అదే దృశ్యం చూసి, పెద్దాయనకు చెప్పి కట్ట దగ్గర ఒక ఏరేటరు పెట్టించాను. ఆ రోజుల్లో గాలం వేయకపోవడమే మేలు, ఎందుకంటే ఊపిరి అందని చేపను అలసటపెట్టి వదిలినా అది బతికే అవకాశం తక్కువ.

మా అమ్మాయి మొదటిసారి నాతో పడవెక్కిన రోజున అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికంతా మూలం. నేను నాలుగు పౌండ్ల చేపను కొలిచి, తూచి, నీళ్లలో వదిలాను. తరువాత వచ్చిన 11 అంగుళాల చేపను మంచు పెట్టెలో వేశాను. "నాన్నా, పెద్దదాన్ని వదిలేసి చిన్నదాన్ని ఎందుకు ఉంచావు? చిన్నవాటిని వదిలితేనే కదా పెద్దవవుతాయి?" అని అడిగింది. ఆ ప్రశ్న సబబైనదే. ఈ దేశంలో బాస్ వేటగాళ్లలో ఎక్కువమంది పట్టిన ప్రతి చేపనూ వదిలేస్తారు, అది ఎంతో గౌరవించదగిన అలవాటు కూడా. బాస్ పోటీలను దేశవ్యాప్తంగా నిలబెట్టిన రే స్కాట్ 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్ మీద తొలి పోటీ నిర్వహించాడు. ఆ తరువాత 1972 నుంచి పట్టిన చేపలను ప్రాణంతో తిరిగి వదలాలన్న పద్ధతిని పోటీల్లో ప్రవేశపెట్టాడు. వేలమంది ఒకే సరస్సు మీద పడే చోట ఆ నియమమే లేకపోతే పెద్ద చేప అన్నది మిగిలేది కాదు.

కానీ ఏడాదికి పట్టుమని పదిమంది కూడా గాలం వేయని 18 ఎకరాల చెరువులో ఆ నియమం ఎదురు తిరుగుతుంది. అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్కాట్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త 1930ల నుంచి చెరువుల మీద చేసిన పరిశోధనే నేటికీ ఈ లెక్కలకు ఆధారం. బాస్‌నూ బ్లూగిల్‌నూ ఏ నిష్పత్తిలో వేయాలో, ఒకటి హెచ్చితే రెండోదానికి ఏమవుతుందో ఆయన చెరువులు ఎండగట్టి, ఉన్న చేపనంతా లెక్కించి తేల్చాడు. ఎరువు వేసిన చెరువులో ఎకరాకు 1000 బ్లూగిల్ పిల్లలకు 100 బాస్ పిల్లలు అన్నది దక్షిణాది రాష్ట్రాల్లో స్థిరపడిన లెక్క. ఒక పౌండు బాస్ ఒళ్లు పెరగాలంటే సుమారు పది పౌండ్ల చిన్న చేప కావాలని చెబుతారు. బాస్ ఏటా వేల సంఖ్యలో పిల్లలను పెడుతుంది. వాటిని తీసేవారు లేకపోతే పది, పన్నెండు అంగుళాల దగ్గర ఒక పెద్ద మంద తయారై, అరచేతంత బ్లూగిల్‌గా ఎదగబోయే పిల్లలన్నిటినీ వేలెడంత ఉన్నప్పుడే తినేస్తుంది. ఆ తరువాత తినడానికి ఏమీ ఉండదు. చేపలు చావవు, ఎదగవు, సంవత్సరాల తరబడి అదే పొడవులో ఉండిపోతాయి.

పెద్దాయన చెరువు నాకు పరిచయమైనప్పుడు సరిగ్గా ఈ స్థితిలో ఉంది. గాలం వేయగానే చేప తగిలేది, వచ్చిన అతిథులందరూ మురిసిపోయేవారు. కానీ తూచి చూస్తే సంగతి బయటపడేది. ఆరోగ్యంగా ఉన్న 12 అంగుళాల బాస్ ముప్పాతిక పౌండుకు మించి తూగాలి, 15 అంగుళాలది రెండు పౌండ్లకు దగ్గరగా ఉండాలి. ఈ చేపలు తల పెద్దదిగా, వీపు సన్నగా, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉండేవి. కోసి చూస్తే కడుపులో ఒకదాంట్లో తూనీగ పిల్లపురుగులు, ఇంకోదాంట్లో ఒక చిన్న ఎండ్రకాయ కాలు, మిగతావాటిలో నీళ్లు. మరో గుర్తు ఏమిటంటే, పట్టుబడిన కొద్ది బ్లూగిల్స్ బాగా పెద్దవి, బలిసినవి. పిల్లదశ దాటి బయటపడినవాటికి పోటీ లేక మేత పుష్కలంగా దొరికిందన్నమాట. బక్కచిక్కిన బాస్, బలిసిన బ్లూగిల్ ఒకే చెరువులో కనిపిస్తే బాస్ మితిమీరిందని అర్థం. చేపల రైతు కొడుకుగా పెరిగిన నాకు ఆ చెరువును చూస్తే ఆనందం కంటే బాధే ఎక్కువ కలిగింది, ఎందుకంటే ఆకలితో ఉన్న చేప గాలానికి సులువుగా పడటాన్ని మనం వేటలో నైపుణ్యంగా భావిస్తూ వచ్చాం.

పెద్దాయనతో కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. 14 అంగుళాలకు తగ్గిన ప్రతి బాస్‌నూ, గూళ్ల కాలం తప్ప, ఉంచుకోవాలి. అంతకు మించినదాన్ని కొలిచి, తూచి, పుస్తకంలో రాసి వదలాలి. ఎరువు వేయని చెరువుల్లో ఏటా ఎకరాకు పది పౌండ్ల దరిదాపుల్లో బాస్‌ను తీయమని చెబుతారు. ఆ లెక్కన మాకు ఏడాదికి 180 పౌండ్లు. చిన్న పడవలో ఒకరిద్దరు గాలంతో తీయడానికి అది తక్కువ పనేమీ కాదు. ఆయన మొదట ఒప్పుకోలేదు. జీవితమంతా చేపను ముద్దుపెట్టుకుని వదిలిన మనిషికి ఆ ఆలోచనే కష్టంగా తోచింది. చెరువు పుట్టినప్పటి నుంచి పిల్లను వేసింది మనుషులే, వాగుకు కట్ట వేసింది మనుషులే, కాబట్టి ఎక్కువైనదాన్ని తీయవలసిన బాధ్యతా మనుషులదే అని నేను చెప్పిన మాట ఆయనకు చివరికి నచ్చింది.

వదలడం, ఉంచుకోవడం అన్నవి చేపను బట్టి కాక నీటిని బట్టి మారతాయనడానికి నాకు దొరికిన గొప్ప ఉదాహరణ బాస్ ప్రపంచ రికార్డులే. 1932 జూన్ 2న జార్జియాలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ అనే యువ రైతు, చేత్తో చేసుకున్న చిన్న చెక్కపడవలోంచి, 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. కరువు రోజులు కావడంతో దాన్ని తూకం వేయించిన తరువాత ఇంటికి తీసుకెళ్లి వండుకున్నారు. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికంటే ఒక ఔన్సుకు కాస్త తక్కువ తేడాతో పెద్ద చేపను పట్టాడు. పాత రికార్డును దాటాలంటే కనీసం 2 ఔన్సుల తేడా ఉండాలన్న నిబంధన వల్ల ఇద్దరి పేర్లూ నేటికీ సమానంగా నిలిచాయి. బివాలో బాస్ బయటి నుంచి వచ్చి స్థానిక చేపలను తినేస్తున్న జాతి. అందుకే ఆ సరస్సున్న షిగా ప్రాంతంలో 2003 నుంచి పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలడమే నిషేధం. ఇక మా కౌంటీలోని ఎథెన్స్ పట్టణంలో ఉన్న రాష్ట్ర మంచినీటి చేపల కేంద్రం దీనికి మరో కొస. 13 పౌండ్లు దాటిన చేపను పట్టినవారు దాన్ని ప్రాణంతో ఆ కేంద్రానికి ఇస్తే, దాని సంతానాన్ని పెంచి సరస్సుల్లో వదులుతారు. 1986 నవంబరులో లేక్ ఫోర్క్‌లో దొరికిన 17.67 పౌండ్ల చేపతో ఆ పథకం మొదలైంది. ఒకే చేప ఒకచోట ఇంటి కూర, ఒకచోట నిషిద్ధ జాతి, ఒకచోట రాష్ట్రమే పోషించే తల్లి.

ఉంచుకున్న చేపలు మా ఇంట్లో వృథా పోవు. వేటాడే పెద్ద చేపల్లో వయసుతో పాటు పాదరసం పేరుకుంటుంది. క్యాడో వంటి తూర్పు టెక్సాస్ సరస్సుల చేపల విషయంలో ఆరోగ్య శాఖ హెచ్చరికలు కూడా ఉన్నాయి. తినడానికి చిన్నవే మంచివి కాబట్టి, చెరువుకు కావలసినదీ వంటింటికి కావలసినదీ ఇక్కడ ఒకటే అయింది. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది, శీలావతిలో మాదిరి సన్నముళ్ల బెడద లేదు. వేసవిలో తోలుకు కొంత మట్టి వాసన ఉంటుంది కనుక తోలు తీసి, పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచుతాం. పులుసులో చింతపండు కాస్త చిక్కగా పడాలి, ముక్క వేశాక గరిట పెట్టకుండా గిన్నెను పట్టుకుని తిప్పాలి, పొయ్యి ఆపాక ఒక పూట నిలవనివ్వాలి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు తిని, కొర్రమీను అంత రుచి లేకపోయినా బొచ్చె కంటే మేలని చెప్పింది. పెద్దాయనకు డబ్బాలో పెట్టి పంపితే ఆయన అన్నంతోనే తింటారు.

ఇలా చిన్నవాటిని తీయడం మొదలుపెట్టిన తరువాత మార్పు వెంటనే రాలేదు. మొదటి ఏడాది తూకాల్లో తేడా కనిపించలేదు, గాలానికి తగలడం మాత్రం తగ్గింది, అతిథులు చేపలు అయిపోయాయని అనుకున్నారు. ఆ మరుసటి వసంతంలో మూడు అంగుళాల బ్లూగిల్ పిల్లలు రేవు కింద గుంపులుగా కనిపించడం మొదలైంది. పుస్తకంలో 14 నుంచి 16 అంగుళాల మధ్య చేపల తూకాలు ఇప్పుడిప్పుడే ఉండవలసిన అంకెలకు దగ్గరవుతున్నాయి. ఈ ఏడాది రేవు కొసన తేలే గుళికల మేత చల్లే చిన్న యంత్రం ఒకటి పెట్టబోతున్నాం. ఆ మేతను బాస్ ముట్టదు, బ్లూగిల్ తింటుంది. మేత బాగా దొరికిన బ్లూగిల్ వేసవిలో ఎక్కువసార్లు గుడ్లు పెడుతుంది. చెరువు అడుగు మట్టికి ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి, చలికాలంలో నీటిని పరీక్షించి, అవసరమైతే పడవలోంచే సున్నపురాయి పొడి చల్లాలని కూడా అనుకున్నాం. 14 అంగుళాల గీతను 15కు జరపాలా వద్దా అన్నది వచ్చే ఏప్రిల్ తూకాలు చూసి తేలుస్తాం.